గడప ఎరిగిన వైద్యుడు

నెంబ్రో అనే ఊళ్ళో 2020 మార్చి నెల ఇంకా పూర్తికాకముందే, ఆ ఏడాది 158 మంది కన్నుమూశారు. మామూలు సంవత్సరాల్లో ఆ రోజులకు పోయేవాళ్ళు సగటున 35 మంది. ఉత్తర ఇటలీలో లొంబార్దీ ప్రాంతం, అందులో బెర్గామో పట్నం, దానికి ఎగువన సెరియో నది పారే లోయ. ఆ లోయలో బట్టల మిల్లుల మధ్య పదకొండు వేల పైచిలుకు జనం ఉన్న ఊరది. ప్రభుత్వ లెక్కలో అక్కడ కరోనాతో పోయినవాళ్ళు 31 మందే. మరి తక్కినవాళ్ళ సంగతేమిటని మేయర్ క్లౌదియో కంచెల్లి చావుల రిజిస్టరు తీసి, పాత ఏళ్ళ పక్కన పెట్టి లెక్కకట్టి, మరొకరితో కలిసి ఆ సంగతి పత్రికకు రాశాడు. లెక్కకెక్కని ఆ మనుషులకు పరీక్ష జరగలేదు. చాలామంది ఆసుపత్రి మొహం చూడలేదు. తమ మంచాల మీదా, వృద్ధాశ్రమాల్లోనూ ఊపిరందక పోయారు.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా మహమ్మారి దగ్గర మొదలుపెడతారు. నాకు అక్కడ మొదలుపెట్టబుద్ధి కాదు. ఆ మంచాల పక్కన ఫోను పట్టుకు కూర్చున్న కూతుళ్ళకూ కొడుకులకూ అవతలి నుంచి ఎవరు పలికారో, ఎవరు రాలేకపోయారో, ఎందుకు రాలేకపోయారో తెలియాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఇటలీ పల్లెల్లో పూర్వం 'మెడికో కొందొత్తో' అని ఒక ఊరి వైద్యుడు ఉండేవాడు. మునిసిపాలిటీ జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. పేదవాడి దగ్గర పైసా పుచ్చుకోకూడదు. గుర్రం మీదో సైకిలు మీదో, మంచు కురిస్తే కాలినడకనో ఇంటింటికీ వెళ్ళేవాడు. ఏ ఇంటి తాతకు ఉబ్బసం, ఏ కోడలికి రెండుసార్లు గర్భం నిలవలేదు, ఎవడు తాగుడు మానేశానని అబద్ధమాడుతున్నాడు, అన్నీ ఆయనకు ఎరుకే. గడప దాటి లోపలికి వస్తే చాలు, వాసన పట్టి సగం జబ్బు చెప్పగలిగేవాడు. అయితే ఆయన చేతిలో మందులు తక్కువ. పెద్ద వైద్యం కావాలంటే ఉద్యోగాన్ని బట్టి బీమా, బీమాను బట్టి ఆసుపత్రి. ఏ బీమా సంఘంలోనూ లేని కూలివాడు ఊరి ధర్మం మీద బతకాల్సిందే.

ఆ తేడా చెరిపేసే చట్టాన్ని నిలబెట్టిన మంత్రి పేరు తీనా అన్సెల్మి. వెనెటో ప్రాంతపు మనిషి. 1944 సెప్టెంబరులో బస్సానో దెల్ గ్రాప్పాలో జర్మన్ సైనికులు 31 మందిని రోడ్డు వెంట చెట్లకు ఉరితీసి, బడిపిల్లలను తీసుకొచ్చి చూడమన్నారు. ఆ పిల్లల్లో పదిహేడేళ్ళ అన్సెల్మి ఉంది. తర్వాత ఆమె సైకిలెక్కి, ఫాసిస్టుల మీద పోరాడే దళాలకు రహస్యంగా కబుర్లు మోసింది. 1976లో ఇటలీకి తొలి మహిళా మంత్రి అయింది. రెండేళ్ళకు ఆరోగ్యశాఖ ఆమె చేతికొచ్చింది. 1978 డిసెంబరు 23న 833వ నంబరు చట్టం వచ్చింది. దేశంలో ఉన్న ప్రతి మనిషికీ, కూలికీ కోటీశ్వరుడికీ, ఒకే ఆరోగ్య వ్యవస్థ. ప్రతి ఇంటికీ తాను జాబితాలోంచి ఎంచుకున్న డాక్టరు. పిల్లలకు వేరే పిల్లల డాక్టరు. ఊరి నీళ్ళు, ఫ్యాక్టరీ పొగ, టీకాలు, బాలింతలు, పిచ్చి పట్టినవాళ్ళు, అందరినీ ఒకే స్థానిక ఆరోగ్య యూనిట్ చూసుకోవాలి. అదే ఏడు సెప్టెంబరులో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు కూడి, ఆరోగ్యం ప్రాథమిక వైద్యం దగ్గరే మొదలవ్వాలని ఒప్పుకున్నాయి. ఒప్పుకున్నదాన్ని ఆ సంవత్సరం దాటకుండా చట్టంలో పెట్టిన దేశం ఇటలీ. ఆమె చేసిన ఆ పనిని తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది. చావులను కళ్ళారా చూసిన పిల్ల, బతికించే ఏర్పాటు చేసి చూపించింది.

ఆసుపత్రి గోడల బయట జరిగే వైద్యాన్నంతా ఇటలీవాళ్ళు 'తెరితోరియో' అంటారు. ఆ మాటకు నేల అని అర్థం. నేల వైద్యం. మన భాషలోకి తెచ్చుకుంటే ఇంకా బాగుంది. ఈ గాథంతా ఆ నేల బీడు పడిన గాథ.

కూలిపోవడం ఒక్క రోజులో జరగలేదు. మొదట పేర్లు మారాయి. 1992లో వచ్చిన ఉత్తర్వుతో స్థానిక ఆరోగ్య 'యూనిట్లు' కాస్తా 'అజియెండా'లయ్యాయి. అజియెండా అంటే కంపెనీ. వాటికి డైరెక్టర్లు, బ్యాలెన్స్ షీట్లు, లక్ష్యాలు వచ్చాయి. కంపెనీకి రాబడి కనిపించేది ఆపరేషన్ థియేటర్లో. ముసలావిడ ఇంటికెళ్ళి బీపీ చూసి, కిటికీ తెరిచి పెట్టుకోమ్మా అని చెప్పి వచ్చే డాక్టరు వల్ల రాబడి ఎక్కడ కనిపిస్తుంది? రోగం రాకుండా ఆగిపోయిందంటే దానికి బిల్లు ఉండదు.

లొంబార్దీ ఈ దారిలో అందరికన్నా ముందు నడిచింది. 1995 నుంచి 2013 దాకా ప్రాంతీయ ప్రభుత్వానికి అధ్యక్షుడుగా ఉన్న రొబెర్తో ఫోర్మిగోని హయాంలో 1997లో 31వ నంబరు చట్టం చేశారు. ప్రభుత్వ ఆసుపత్రీ ప్రైవేటు ఆసుపత్రీ సమానం, రోగి తనకు నచ్చినచోటికి వెళ్ళొచ్చు, డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. వినడానికి ఇంపుగా ఉంది. ఫలితమూ కళ్ళకు కట్టింది. మిలాన్ చుట్టూ గుండెకూ కాన్సరుకూ యూరప్ మెచ్చే ఆసుపత్రులు పెరిగాయి. దక్షిణ ఇటలీ నుంచి రోగులు రైళ్ళెక్కి ఇక్కడికి వచ్చేవాళ్ళు. ఈ ఘనతను నేను తక్కువ చేయను. ఆ ఆసుపత్రుల్లో బతికినవాళ్ళు వేలల్లో ఉన్నారు. కానీ ఆ మెరుపులో ఊళ్ళో ఉన్న చిన్న క్లినిక్కు ఎవరి కంటికీ ఆనలేదు.

2015లో, ఫోర్మిగోని తర్వాత అధ్యక్షుడైన మరోని ప్రభుత్వం తెచ్చిన 23వ నంబరు చట్టం ఉన్న నేలను రెండు ముక్కలు చేసింది. ప్రణాళిక వేసి పర్యవేక్షించే సంస్థలు వేరు, ఆసుపత్రులూ సేవలూ నడిపే సంస్థలు వేరు. ఇంటి డాక్టరు కాంట్రాక్టు మొదటి దాని దగ్గర. ఆయన రోగులకు అవసరమైన నర్సులూ ఇంటి సేవలూ రెండో దాని దగ్గర. రెండింటి మధ్యా ఆయన ఒంటరివాడయ్యాడు. గది అద్దె తానే కట్టుకుంటూ, చాలాచోట్ల నర్సు లేకుండా, పదిహేను వందల మంది దాకా జాబితాలో పెట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు. దేశమంతటా కూడా చెయ్యి బిగుసుకుంది. 2010 నుంచి 2019 దాకా ప్రజారోగ్యానికి అందాల్సిన సొమ్ములో 3,700 కోట్ల యూరోలకు పైగా అందకుండా పోయిందని జింబె ఫౌండేషన్ లెక్క తేల్చింది. మహమ్మారి వస్తే ఏం చేయాలో చెప్పే జాతీయ ప్రణాళిక 2006 నాటిది. అప్పటిదాకా దాన్ని ఎవరూ తిరగరాయలేదు.

2019 ఆగస్టులో రిమినిలో ఒక సభ జరిగింది. ప్రధాని కార్యాలయంలో సహాయమంత్రి జన్‌కార్లో జొర్జెత్తి అక్కడ మాట్లాడుతూ, రానున్న అయిదేళ్ళలో 45 వేల మంది ఇంటి డాక్టర్లు తగ్గిపోతారన్నది నిజమే గాని అసలు ఇంటి డాక్టరు దగ్గరికి ఇప్పుడెవరు వెళ్తున్నారని అడిగాడు. చదువుకున్నవాళ్ళు ఇంటర్నెట్‌లో చూసుకుని నేరుగా స్పెషలిస్టు దగ్గరికి పోతున్నారని ఆయన భావం. డాక్టర్ల సంఘాలు నొచ్చుకున్నాయి. జొర్జెత్తిది లొంబార్దీలోని వరేజె జిల్లా. ఆ జిల్లా పేరు గుర్తుంచుకోండి, ఇంకోసారి వస్తుంది.

ఆ సభ జరిగిన ఆరు నెలలకు, 2020 ఫిబ్రవరి 20న, లొంబార్దీలోని కొదోన్యో ఆసుపత్రిలో అన్నలీజా మలారా అనే మత్తు డాక్టరు నిబంధన పక్కన పెట్టి, చైనా వెళ్ళిరాని ఒక యువకుడికి కరోనా పరీక్ష చేయించింది. ఉందని తేలింది. మూడు రోజులకు, నెంబ్రో ఉన్న సెరియానా లోయలో ఆల్జానో లొంబార్దో ఆసుపత్రిలో రోగులు బయటపడ్డారు. అత్యవసర విభాగం మూసి, కొన్ని గంటలకే మళ్ళీ తెరిచారు. కొదోన్యో చుట్టుపక్కల పది ఊళ్ళను దిగ్బంధం చేశారు గాని, ఆల్జానోనూ నెంబ్రోనూ చేయలేదు. మిల్లులు ఆడుతూనే ఉన్నాయి. మార్చి 8న లొంబార్దీ మొత్తాన్ని మూసేదాకా రెండు వారాలు అలా జారిపోయాయి.

ఆ రెండు వారాలూ ఇంటి డాక్టర్ల ఫోన్లు ఆగలేదు. వింత న్యుమోనియాలను వాళ్ళు శీతాకాలం నుంచే చూస్తున్నారు. చూసినదాన్ని ఎవరికి చెప్పాలి? పల్లె నుంచి పైకి మాట చేరే దారి ఎప్పుడో పూడిపోయింది. పరీక్షలు ఆసుపత్రిలో చేరినవాళ్ళకే. ఇంట్లో జ్వరంతో ఉన్నవాడికి కరోనా ఉందో లేదో డాక్టరు ఊహించుకోవాలి. కొన్ని రోజులకు జ్వరం తగ్గినట్టే తగ్గి, ఊపిరి కురచబడుతుంది. వేలికి పెట్టి చూసే ఆక్సీమీటర్ ఉన్న ఇళ్ళు తక్కువ. ఫోనులో డాక్టరు, ఒక్కసారి ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కపెట్టమంటాడు. అవతల ముసలాయన నాలుగైదు దగ్గరే ఆగిపోతాడు. అత్యవసర నంబరుకు చేస్తే పలకదు, పలికినా అంబులెన్సు గంటల తర్వాత వస్తుంది. ఆక్సిజన్ ఉంది, సిలిండర్లు లేవు. చనిపోయినవాళ్ళ ఇళ్ళల్లో ఖాళీ సిలిండర్లుంటే దయచేసి తిరిగివ్వండని మందుల షాపులు బతిమాలాయి. చావుకబురు చెప్పే చర్చి గంటలను కొన్ని ఊళ్ళల్లో ఆపేశారు. కొడితే పొద్దంతా కొడుతూనే ఉండాలి.

వెళ్ళి చూద్దామంటే డాక్టరు ముఖానికి సరైన మాస్కు లేదు. ఉన్న కొద్దిపాటి మాస్కులు ఆసుపత్రులకే చాలలేదు. నేల మీది డాక్టరు వంతు చివర్న. అయినా కొందరు వెళ్ళారు. తడిసిన మాస్కునే మళ్ళీ కట్టుకుని వెళ్ళారు. రొబెర్తో స్తెల్లా అని అరవై ఏడేళ్ళ ఇంటి డాక్టరు, వరేజె జిల్లా డాక్టర్ల మండలికి అధ్యక్షుడు. జొర్జెత్తి పుట్టిన జిల్లాయే. ఇంటి డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్తున్నారని ఆ జిల్లా మంత్రి అడిగి ఏడు నెలలు కాలేదు. స్తెల్లా దగ్గరికి రోగులు వస్తూనే ఉన్నారు, ఆయన చూస్తూనే ఉన్నాడు. మార్చి 11న కరోనాతో పోయాడు. ఏప్రిల్ రెండో వారానికి ఇటలీలో పోయిన డాక్టర్ల సంఖ్య వంద చేరింది. వాళ్ళలో ఇంటి డాక్టర్లు చాలామంది.

మార్చి 8న, లొంబార్దీని మూసిన రోజునే, ప్రాంతీయ ప్రభుత్వం మరో తీర్మానం చేసింది. ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ చేయడానికి, కోలుకుంటున్న కరోనా రోగులను వృద్ధాశ్రమాలు తీసుకోవచ్చన్నది. దీన్ని రాస్తున్నప్పుడు నా చేయి ఆగింది. ఊరి నేల గురించి తెలిసినవాడు ఒక్కడు ఆ గదిలో కూర్చుని ఉంటే ఆ వాక్యం కాగితమెక్కేది కాదని నా నమ్మకం. మర్నాడు కేంద్ర ప్రభుత్వం, ఇళ్ళకెళ్ళి కరోనా రోగులను చూసే ప్రత్యేక డాక్టర్ల బృందాలను ప్రతి 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పెట్టమని ఉత్తర్వు ఇచ్చింది. పది రోజులు గడువు. నెల దాటినా లొంబార్దీలో కావలసినవాటిలో కొద్దిపాటివే నిలబడ్డాయి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టయింది.

బెర్గామోలోని పాపా జొవాన్ని 23 ఆసుపత్రి ఆ లొంబార్దీ గర్వానికి నిలువెత్తు రూపం. కొత్త భవనాలు, తొమ్మిది వందల మంచాలు. మార్చి 21న ఆ ఆసుపత్రి డాక్టర్లే ఒక అమెరికన్ వైద్య పత్రికలో రాశారు. మూడు వందల మంచాల్లో కరోనా రోగులున్నారు, రోగం ఆసుపత్రుల ద్వారానే పాకుతూ ఉండవచ్చు, అంబులెన్సులూ మేమూ దాన్ని మోస్తున్నాం అని ఒప్పుకున్నారు. ఒక్కో రోగి చుట్టూ కట్టిన వైద్యం ఇక్కడ చాలదు, ఊరి మొత్తాన్ని చూసే వైద్యం కావాలి, ఇళ్ళ దగ్గరికి వెళ్ళే వైద్యం కావాలి అన్నారు. కోట లోపలి సైనికులే గోడ మీదికెక్కి, పొలాలను కాపాడండి, మాకు తిండి అక్కడి నుంచే రావాలి అని కేకలేసినట్టుంది ఆ వ్యాసం. ఏప్రిల్ మొదటి వారంలో లొంబార్దీ డాక్టర్ల మండళ్ళన్నీ కలిసి ప్రభుత్వానికి రాసిన లేఖలో ఏడు తప్పులు చూపించాయి. నేల మీది డాక్టర్లకు రక్షణ సామగ్రి ఇవ్వకపోవడం అందులో ఒకటి. రోగులను వేరుచేసి, వాళ్ళను కలిసినవాళ్ళను వెతికే ప్రజారోగ్య పని అసలే జరగకపోవడం మరొకటి.

పక్కనే ఉన్న వెనెటో, అన్సెల్మి పుట్టిన ప్రాంతం, వేరే దారిలో నడిచింది. అక్కడ ఊరి క్లినిక్కులూ రోగనివారణ విభాగాలూ ఆసుపత్రితో కలిసి ఒకే గొడుగు కింద మిగిలి ఉన్నాయి. వో అనే ఊళ్ళో మూడు వేల పైచిలుకు జనం. శాస్త్రవేత్త ఆంద్రేయా క్రిజాంతి బృందం ఇంచుమించు అందరికీ పరీక్ష చేసింది. రెండు వారాలకు మళ్ళీ చేసింది. పాజిటివ్ వచ్చినవాళ్ళలో నూటికి నలభై పైచిలుకు మందికి దగ్గు లేదు, జ్వరం లేదు. వాళ్ళను ఇళ్ళల్లోనే ఆపితే ఊళ్ళో వ్యాప్తి చచ్చుబడింది. ఆ వసంతంలో వెనెటో తక్కువ చావులతో గట్టెక్కింది. అదే వెనెటో మళ్ళీ శీతాకాలంలో ఘోరంగా దెబ్బతిన్నది, ఆ సంగతి దాచకూడదు. పొందిన బలాన్ని ఏ రోజుకారోజు కాపాడుకోవాలి కాబోలు.

ఆ రోజుల్లోనే మన ఊళ్ళల్లో ఆశా కార్యకర్తలూ ఏఎన్ఎమ్‌లూ ఫీవర్ సర్వే అంటూ గడప గడపకూ తిరిగారు. చాలామంది ముఖానికి కట్టుకున్నది చీర కొంగే. ఎవరింట్లో కొత్త మనిషి దిగాడో, ఏ ఇంట్లో దగ్గు వినిపిస్తోందో వాళ్ళకు తెలుసు. లొంబార్దీ పోగొట్టుకున్నది ఏమిటో నాకు బోధపడింది వాళ్ళను చూసినప్పుడే. వాళ్ళకిచ్చే డబ్బు తలుచుకున్నప్పుడల్లా భయం వేస్తుంది కూడా.

మార్చి 18 రాత్రి బెర్గామో శ్మశానం ముందు సైనిక ట్రక్కులు బారులు తీరాయి. ఆ ఊరి దహనశాల రాత్రింబగళ్ళు పనిచేసినా సరిపోక, శవపేటికలను వేరే నగరాలకు తీసుకెళ్ళారు. లోకమంతా ఆ బొమ్మ చూసింది. ఆ నెలలో బెర్గామో జిల్లాలో చావులు గత అయిదేళ్ళ సగటు కన్నా 568 శాతం పెరిగాయని ఇటలీ గణాంక సంస్థ తర్వాత చెప్పింది. ఆ ట్రక్కులు కనిపించిన నాలుగు రోజులకు క్యూబా నుంచి 52 మంది వైద్య సిబ్బంది మిలాన్‌లో దిగి, లొంబార్దీలోనే ఉన్న క్రేమా వెళ్ళారు. ఇంటి డాక్టరునూ నర్సునూ వీధి వీధికీ నిలబెట్టుకున్న బీద దేశం, యూరప్‌లోని ఒకానొక ధనిక ప్రాంతానికి సాయం వచ్చింది.

తర్వాత నిర్ణయాలు జరిగాయి. యూరప్ కోలుకునే నిధి నుంచి 1,500 కోట్ల యూరోలకు పైగా ఆరోగ్యానికి కేటాయించారు. ఊరూరా 'సముదాయ గృహాలు' కట్టాలన్నారు. డాక్టరు, నర్సు, సాంఘిక కార్యకర్త ఒకే కప్పు కింద ఉండాలి. 2022లో ప్రమాణాలు రాశారు. మొదట 1,350 కడతామన్నారు, తర్వాత ఆ అంకె 1,038కి దిగింది. గోడలు లేస్తున్నాయి గాని లోపల కూర్చోడానికి మనుషులు చాలడం లేదు. ఇంటి డాక్టరుగా శిక్షణ పొందే యువకుడికి ఇచ్చే స్టైపెండ్, స్పెషలిస్టు శిక్షణలో ఉన్నవాడికి వచ్చేదానిలో సగం కూడా లేదు. చాలాచోట్ల శిక్షణ సీట్లే మిగిలిపోయాయి. పాత డాక్టరు రిటైరైతే, మీ కొత్త డాక్టరు ఎవరో త్వరలో తెలియజేస్తామని కాగితం వస్తుంది. ఆ కాగితం పట్టుకుని ఎదురుచూస్తున్నవాళ్ళల్లో 2020 మార్చిలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్ళూ ఉంటారు.

ఇటలీ డాక్టర్ల జాతీయ సమాఖ్య తన సైట్‌లో నల్ల అంచు కట్టి, పోయినవాళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి పెట్టింది. పేరు, పోయిన తేదీ, చేసిన పని. శస్త్రవైద్యుడు, పళ్ళ డాక్టరు, మత్తు డాక్టరు, మళ్ళీ విధుల్లోకి వచ్చిన రిటైర్డు డాక్టరు. చదువుతూ కిందికి జారుతుంటే ఒకే మాట మళ్ళీ మళ్ళీ తగులుతుంది. ఇంటి డాక్టరు. ఇంటి డాక్టరు. మరో రెండు పేర్లు. ఇంటి డాక్టరు.